బోడి గుట్టల బాగుసేతకు ఉపగ్రహ చిత్రములు

కొత్తకోట ప్రాంతపు రైతు సోదరులకు తమ ఊరి గుట్ట సంగతి మరియొకరు చెప్పనక్కరలేదు. ఒకప్పుడు తునికి, మోదుగ, రేల, చండ్ర, బలుసు, సీతాఫలపు పొదలు కమ్ముకొని యుండిన గుట్టలపై నేడు అనేక చోట్ల రాయి తేలియున్నది. సాలుకు సుమారు 600 మిల్లీమీటర్లు, అనగా 24 అంగుళముల వాన పడు సీమ ఇది. ఆ కొద్ది వానయు నాలుగు దినములు జోరుగా కురిసి, తక్కిన దినములు మొగము చాటు చేయును. గుట్ట మీద ఆకు, గడ్డి, వేరు ఉన్నప్పుడు ఆ నీరు మెల్లగా ఇంకి దిగువ బావులలో ఊటగా వచ్చును. అవి లేనప్పుడు గంటలోనే ఎర్రనీరై, చెల్క పైమట్టిని కూడ వెంటబెట్టుకొని చెరువు చేరును. గుట్ట బోడియగుట, చెల్క పలుచబడుట, చెరువు పూడుట, బావి ఎండుట అనునవి ఒకదాని వెనుక ఒకటి వచ్చు కష్టములు. పాలమూరు లేబరు అని దేశమంతట పేరుపడునంతగా మన జనము ఆనకట్టల పనులకు వలసపోవుటకు గల కారణములలో ఈ నేల బీదతనము కూడ ఒకటి.

దీనిని సరిదిద్దు ప్రయత్నములు లేకపోలేదు. వాటర్‌షెడ్ పథకముల క్రింద ఒడ్లు వేసిరి, కందకములు త్రవ్విరి. 2015 మార్చిలో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసిరి. అదే సంవత్సరము జూలైలో ఆరంభమైన హరిత హారము క్రింద మొక్కలు నాటిరి. ఎన్ని మొక్కలు నాటిరని అడిగిన లెక్క వెంటనే దొరకును. ఎన్ని ఎకరముల గుట్ట నిజముగా తిరిగి పచ్చబడినదని అడిగిన మాత్రము చాల గ్రామములలో నోటిమాటయే సమాధానము. ఒకరు బాగుపడినదందురు, ఒకరు లేదందురు. ఇద్దరును తాము చూచిన మూలనే చెప్పుదురు.

ఈ రెండవ ప్రశ్నకు పక్షపాతము లేక సాక్ష్యము చెప్పునవి భూమిని చిత్రించు ఉపగ్రహములు. అయితే ఏ సాక్షియైనను అడిగిన ప్రశ్నకే బదులు చెప్పును. ప్రశ్న తప్పుగా అడిగినచో ఉపగ్రహ చిత్రము కూడ మనలను పెడత్రోవ పట్టించును. ఆ ప్రశ్నను ఎట్లు అడుగవలెనో గ్రామాధికారులకు, చదువుకొనిన రైతులకు తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మన త్రోవలోనే ఉన్న కేంద్రము

ఉపగ్రహ చిత్రములనగానే అవి ఎక్కడనో విదేశములలో తయారగునని చాలమంది తలచుచున్నారు. కొత్తకోట నుండి హైదరాబాదునకు పోవు జాతీయ రహదారి షాద్‌నగర్ దాపుననే సాగును. ఆ షాద్‌నగర్‌లోనే ఉపగ్రహములు పంపు సంకేతములను అందుకొను భూకేంద్రము 1979 నుండి పని చేయుచున్నది. 2016 అక్టోబరులో జిల్లాలు విభజింపబడు వరకు షాద్‌నగర్ మన మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఇప్పుడది రంగారెడ్డి జిల్లాలో చేరినది, మన కొత్తకోట వనపర్తి జిల్లాలో చేరినది. ఆ కేంద్రమును నడుపు సంస్థ హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రము. ఇది భారత అంతరిక్ష పరిశోధన సంస్థలోని భాగము.

మొదట అమెరికావారి ల్యాండ్‌శాట్ చిత్రములనే మనవారు అందుకొనెడివారు. 1988 మార్చి 17న మన దేశపు తొలి దూర సంవేదన ఉపగ్రహమైన ఐ.ఆర్.ఎస్.-1ఏ రష్యా రాకెట్టుపై పైకెగసినది. తరువాత 2003లోను, 2011లోను, 2016లోను రిసోర్స్‌శాట్ ఉపగ్రహములు వరుసగా ప్రయోగింపబడినవి. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహములు 2015 నుండి చిత్రములు తీయుచున్నవి. ల్యాండ్‌శాట్ చిత్రములు 2008 నుండి అందరకు ఉచితము. సెంటినెల్ చిత్రములు మొదటి నుండియు ఉచితమే. మన దేశపు పటములను చూచుటకు భువన్ అను వేదిక 2009లో ఏర్పడినది.

ఈ విద్య మన దేశమున మొదలైనది కూడ వ్యవసాయముతోనే. 1970 ప్రాంతమున కేరళలో కొబ్బరి వేరు తెగులును పసిగట్టుటకు పిషారోటి గారు మొదలగు శాస్త్రజ్ఞులు హెలికాప్టరు నుండి పరారుణ ఫిల్ముపై తోటల ఫోటోలు తీసిరి. కంటికి ఆకు ఇంకను పచ్చగానే కనబడుచుండగా ఫిల్ముపై తేడా తెలియుట అందులోని విశేషము. దాని కారణము తెలిసికొనినచో తక్కిన సంగతి సులభముగా బోధపడును.

పచ్చదనము ఎర్రగా కనబడుట

ఎండలో మన కంటికి కనబడు రంగులే గాక కనబడని పరారుణ కాంతి కూడ కలదు. ఆరోగ్యమైన ఆకు తన ఆహారము కొరకు ఎర్రని కాంతిని చాలవరకు మ్రింగివేయును, పరారుణ కాంతిని తిరుగగొట్టును. బోడి నేల రెండింటిని ఇంచుమించు సమానముగా తిరుగగొట్టును. నీరు పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా మ్రింగివేయును. ఉపగ్రహములోని పరికరము ఈ రెండు కాంతులను విడివిడిగా కొలుచును. పటము తయారు చేయునప్పుడు పరారుణ కాంతికి ఎరుపు రంగు వేయుట ఆచారము. కావున ఇట్టి పటములో దట్టమైన ఆకు గల చోటు ఎర్రగాను, రాయి తేలిన చెల్క తెల్లగానో లేత నీలిగానో, నిండు చెరువు నల్లగాను ఉండును. మొదటిసారి చూచినవారు ఎరుపును చూచి కరవు అని, నీలిని చూచి నీరు అని పొరబడుట కద్దు.

రంగులతో తృప్తిపడక లెక్క కట్టుటకు ఎన్.డి.వి.ఐ. అను పచ్చదనపు సూచిక కలదు. పరారుణము నుండి ఎరుపును తీసివేసి, వచ్చిన దానిని ఆ రెండింటి మొత్తముచే భాగించవలెను. మాటవరుసకు ఒక పొలము పరారుణ కాంతిలో నూటికి 40 పాళ్లు, ఎర్రని కాంతిలో 10 పాళ్లు తిరుగగొట్టినదనుకొనుడు. 40 నుండి 10 తీసివేయగా 30. దానిని 50చే భాగించిన 0.6 వచ్చును. అది మంచి ఆకు. బోడి చెల్క 25, 20 పాళ్లు తిరుగగొట్టినచో 5ను 45చే భాగించగా 0.11 మాత్రమే వచ్చును. ఇంతకు మించిన గణితము గ్రామస్థాయిలో అవసరము లేదు.

మరి చిత్రములో ఎంత చిన్న చోటు తెలియును? ఇది మన గుంటల లెక్కకు చక్కగా కుదురును. సెంటినెల్-2 చిత్రములోని ఒక్కొక్క గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గలది. అనగా ఇంచుమించు ఒక గుంట. ల్యాండ్‌శాట్ గడి 30 మీటర్లది, సుమారు 9 గుంటలు. రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 గడి సుమారు ఐదున్నర గుంటలు. లిస్-4 గడి గుంటలో మూడవ వంతు. కావున పది గుంటల బీడు కలవారు ల్యాండ్‌శాట్ చిత్రముపై ఆధారపడి తగవు పెట్టుకొనుట వ్యర్థము. ఊరి గుట్ట వంటి 50 లేక 100 ఎకరముల చోటికి మాత్రము అది చాలును. పైగా 1980ల నాటి చిత్రము కూడ అదే కొలతలో దొరకును. మీ తాతగారు చెప్పు గుట్టను కాకపోయినను, మీ తండ్రిగారి యౌవనములోని గుట్టను చూడవచ్చును.

ఈ గుంట లెక్క నుండియే ఒక ముఖ్య సంగతి తేలుచున్నది. గుంటకు నాలుగు మొక్కల చొప్పున నాటిన తోటలో మొదటి ఏడు ఒక్కొక్క మొక్క నీడ జానెడు లేక మూరెడు మాత్రమే. గడిలోని తక్కిన భాగమంతయు రాయి, గడ్డి. అట్టి తోట మొదటి రెండు మూడు ఏండ్లు చిత్రములో కనబడదు. నాటిన ఆరు నెలలకే ఉపగ్రహ చిత్రములో పచ్చదనము పెరిగినదని ఎవరైన చూపినచో, అది వానకు మొలచిన గడ్డి యని గ్రహించవలెను. కొత్త మొక్కలను లెక్కించుటకు మనుష్యుడు నడిచి పోవలసినదే. ఉపాధి హామీ క్రింద 2017 నవంబరు నుండి పనికి ముందు, పని నడుచునప్పుడు, పని ముగిసిన పిదప స్థలపు గుర్తుతో ఫోటోలు తీసి భువన్ పటముపై చేర్చు పద్ధతి పెట్టిరి. పైనుండి చూపు, క్రిందినుండి చూపు రెండును కలియవలెను.

పనికి పూనుకొనక ముందు

ఇప్పటి వరకు చాలచోట్ల ఈ చిత్రములను పని ముగిసిన పిదప నివేదికలో అంటించుటకే వాడుచున్నారు. నా అభిప్రాయములో దాని అసలు విలువ పనికి ముందున్నది.

గుట్ట నంతటిని ఒకే తీరుగా త్రవ్వి మొక్కలు నాటుట తరచుగా జరుగు దుబారా. ఒకే గుట్టపై మూడు రకముల నేల ఉండును. వాటిని విడదీయుటకు ఒకే సంవత్సరములో మూడు చిత్రములు చాలును: స్వాతి, విశాఖ కార్తెల నాటిది, అనగా అక్టోబరు చివర లేక నవంబరు మొదటిది, జనవరి మొదటిది, ఏప్రిల్ నాటిది. అక్టోబరు ముందు మబ్బులు అడ్డు వచ్చును. మబ్బును చీల్చి చూడగల రాడారు ఉపగ్రహములు ఉన్నను, పచ్చదనపు సూచిక వాటితో లెక్కించునది కాదు.

ఈ మూడు చిత్రములలోను తెల్లగానే ఉండు గడులు రాయి తేలిన చోట్లు. వానకాలము దాటినను అచ్చట గడ్డి సైతము నిలువలేదన్న మాట. అట్టి చోట గుంత త్రవ్వి మొక్క పెట్టిన చాలవరకు అది చచ్చును. మొదట వాలుకు అడ్డముగా రాతికట్టలు, ఎడమెడముగా కందకములు వేసి మట్టి నిలుచునట్లు చేయవలెను.

అక్టోబరులో ఎర్రగా ఉండి జనవరి నాటికే తెల్లబడు గడులలో గడ్డి మాత్రమే ఉన్నది. అక్టోబరులోను జనవరిలోను ఎర్రగా ఉండి ఏప్రిల్‌లో తెల్లబడు గడులే మనకు బంగారము వంటివి. అవి ఆకురాల్చు పొదలు, మొద్దు చిగుళ్లు. తునికి, మోదుగ, రేల వంటి చెట్లను నరికినను వాటి మొద్దు నేలలో ఏండ్ల తరబడి బ్రదికియుండును. ప్రతి వానకాలము చిగురు వేయును; ప్రతి వేసవిలో మేకయో, నిప్పో, గొడ్డలియో దానిని అణచివేయును. అట్టి చోట కొత్త మొక్క కొనితెచ్చుట కంటె మూడు నాలుగేండ్లు నిప్పు పడకుండ, మేక తిరుగకుండ కాపాడి, ఒక్కొక్క మొద్దునకు ఒకటి రెండు మంచి పిలకలు ఉంచి తక్కినవి తీసివేయుట మేలు. ఖర్చు తక్కువ, వేరు పాతది గనుక కరవునకు తట్టుకొనును.

ఏడాది పొడుగున ఎర్రగా ఉండు గడులను చూచి సంతోషింపరాదు. మన సీమలో ఏప్రిల్ మాసమున కూడ చెదరని పచ్చదనము వేప, కానుగ కావచ్చును. సర్కారు తుమ్మ కూడ కావచ్చును. వాగు ఒడ్డులను, చెరువు శిఖము భూములను ఆక్రమించుకొను ఈ చెట్టు చిత్రములో అడవి వలెనే కనబడును. ఆ భేదము తెలియుటకు స్థలమునకు పోయి చూడవలసినదే.

ఇక నీటి పారుదల సంగతి. 2005 మేలో ప్రయోగింపబడిన కార్టోశాట్-1 ఒకే చోటును రెండు కోణములలో చిత్రించి నేల ఎత్తు పల్లములను కొలుచుటకు వీలు కల్పించినది. ఆ పటముతో ఏ వాలు నీరు ఏ వాగునకు చేరును, ఏ వాగు ఏ చెరువునకు పోవును అని గీతలు గీయవచ్చును. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు; పై చెరువు మత్తడి పోసిన నీరే క్రింది చెరువునకు ఆధారము. క్రింది చెరువు పూడిక తీసి, పై గుట్టను వదలివేసినచో ఐదారేండ్లలో మరల పూడును. పని ఎప్పుడును గుట్ట నెత్తి నుండి దిగువకు రావలెనని వాటర్‌షెడ్ శాస్త్రము చెప్పుటకు కారణమిదే. పటము ముందుంచుకొనినచో గ్రామసభలో ఈ మాట ఒప్పించుట సులభము. నెత్తి మీద పని మొదలుపెట్టిన తన పొలమునకు ఏమి లాభమని అడుగు దిగువ రైతునకు ఆ గీతయే సమాధానము చెప్పును.

కొత్తపల్లి నేర్పిన పాఠము

ఇట్టి పనికి మన తెలంగాణములోనే ఒక మంచి ఉదాహరణ కలదు. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలములోని కొత్తపల్లి గ్రామములో 1999లో ఆదర్శ వాటర్‌షెడ్ ఆరంభమైనది. పటాన్‌చెరు దాపున గల ఇక్రిశాట్, హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ అయిన క్రీడా, దూర సంవేదన సంస్థ, జిల్లా అధికారులు, ఒక స్వచ్ఛంద సంస్థ, గ్రామస్థులు కలిసి పూనుకొనిరి. వాటర్‌షెడ్ విస్తీర్ణము 465 హెక్టార్లు. అచ్చట చెక్‌డ్యాములు కట్టిరి, వాగుల కోతలను పూడ్చిరి, పొలముల ఒడ్లపై గిరిపుష్పము నాటిరి. మన దేశపు ఉపగ్రహ చిత్రములను పోల్చి చూడగా 1996లో 129 హెక్టార్లలో ఉన్న పచ్చదనము 2000 నాటికి 200 హెక్టార్లకు పెరిగినది. అనగా మొత్తము నేలలో నూటికి 28 పాళ్లు ఉన్నది 43 పాళ్లయినది.

ఈ ఫలితము సంతోషకరమే. అయినను మనము దానిని కన్ను మూసి అనుకరింపరాదు. కొత్తపల్లి నేలలు చాలవరకు నల్లరేగడి. వానయు మనకంటె హెచ్చు. మన చెల్క నేల నీటిని అంతగా పట్టి ఉంచదు. మరియు రెండు సంవత్సరముల చిత్రములను పోల్చునప్పుడెల్ల ఆ రెండు సంవత్సరముల వాన ఎట్లున్నదని అడుగుట మన ధర్మము. కొత్తపల్లిలో చిత్రములతోపాటు బావుల నీటిమట్టము, వాగులో కొట్టుకొనిపోవు మట్టి, పంటల దిగుబడి కూడ ఏటేట కొలిచిరి. వేరు వేరు కొలతలు ఉన్నందుననే ఆ చిత్రముల మాటకు బలము చేకూరినది. అంత శాస్త్రీయముగా కాకపోయినను, ఊరిలో నాలుగు బావుల నీటిమట్టమును నెలకొకసారి తాడుతో కొలిచి పుస్తకములో వ్రాయుట ఏ గ్రామమునకైన సాధ్యమే.

పచ్చబడినదంతయు పునరుద్ధరణ కాదు

మంచి వాన పడిన సంవత్సరము ఏ గుట్ట యైనను పచ్చబడును, పని చేసినను చేయకున్నను. కరవు సంవత్సరము బాగుచేసిన గుట్ట సైతము వాడును. కరవు ఏటి చిత్రమును ముందు, మంచి ఏటి చిత్రమును తరువాత పెట్టి చూపినచో ఎంతటి పనియైనను జయప్రదమైనట్లే ఉండును. ఇది బుద్ధిపూర్వకముగా జరుగవచ్చును, తెలియకయు జరుగవచ్చును. దీనికి విరుగుడు సరిజోడు గుట్ట.

పని చేయు గుట్టకు రెండు మూడు మైళ్ల లోపల, అదే రాయి, అదే వాలు, అదే తీరున మేపు గల మరియొక గుట్టను మొదటనే గుర్తించి కాగితముపై వ్రాసియుంచవలెను. ఉదాహరణకు, పని చేసిన గుట్ట సూచిక ఐదేండ్లలో 0.28 నుండి 0.41కి పెరిగినదనుకొనుడు, పెరుగుదల 0.13. అదే కాలములో సరిజోడు గుట్ట 0.27 నుండి 0.37కి పెరిగినదనుకొనుడు, అది 0.10. కావున వాన దయవలన వచ్చినది 0.10, మన పనివలన వచ్చినది 0.03 మాత్రమే. చిన్న అంకెయని చిన్నబుచ్చుకొనవలదు. వర్షాభావపు సంవత్సరములో సరిజోడు గుట్ట 0.20కి పడిపోగా మన గుట్ట 0.27 దగ్గర నిలిచినచో, అసలైన ఫలితము అప్పుడు తెలియును. నేలలో తేమ, వేరు నిలిచిన గుర్తు అదియే. అందువలన కరవు సంవత్సరపు చిత్రమును దాచిపెట్టక ముందుగా చూడవలెనని నా సలహా.

మరియొక పొరబాటునకు మన ప్రాంతములో ప్రత్యేకముగా అవకాశము కలదు. భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల ద్వారా కృష్ణా జలములు వచ్చిన గ్రామములలో ఒకప్పుడు ఆముదము, జొన్న వేసిన చెల్కలలో నేడు రెండు కార్లు వరి పండుచున్నది. యాసంగి వేరుశనగ కూడ జనవరి, ఫిబ్రవరి మాసములలో చిత్రమును ఎర్రబరచును. ఇది రైతునకు మేలే. కాని ఊరి మొత్తమునకు ఒకే సూచిక కట్టినచో, కాలువ క్రింద వరి తెచ్చిన పచ్చదనము గుట్టపై పని ఖాతాలో పడును. గుట్ట, బంచరాయి, వాగు ఒడ్డు, సాగుభూమి వీటి హద్దులను సర్వే నంబర్ల వారీగా విడదీసి, దేని లెక్క దానికి వేయవలెను.

చెరువుల లెక్క

చెరువు విషయములో ఉపగ్రహము చెప్పు సాక్ష్యము మరింత స్పష్టమైనది. నీరు నల్లగా కనబడును గనుక దాని అంచు తేలికగా గుర్తింపవచ్చును. ఏటేట నవంబరు మొదటి వారములోను, ఫిబ్రవరి చివరను మీ చెరువు నీటి విస్తీర్ణమును ఎకరములలో వ్రాసికొనుడు. నవంబరు అంకె ఎంత నీరు చేరినదో చెప్పును. రెండింటి భేదము ఎంత త్వరగా తరిగినదో చెప్పును. విస్తీర్ణము వలన లోతు తెలియదు. పూడిన చెరువు కూడ వెడల్పుగానే పరచుకొనును గాని త్వరగా ఎండును. గుర్రపుడెక్క, లొట్టపీసు కమ్మిన చెరువు పటములో ఎర్రగా కనబడి పొలమువలె భ్రమింపజేయును. అట్టి చెరువునకు స్థలపరీక్ష తప్పదు.

కొత్తకోట దాపున శంకరంపేట వద్ద గల సరళాసాగర్ మనకందరకు తెలిసినదే. వనపర్తి సంస్థానాధీశుల పూనికతో 1949లో పునాది పడి, 1959లో వాడుకలోనికి వచ్చిన జలాశయమిది. నిండగానే దానంతటదియే నీరు విడుచు సైఫన్ ఏర్పాటు దీని ప్రసిద్ధి. అట్టి జలాశయమునకు 2019 డిసెంబరు 31న గండిపడి నీరంతయు దిగువకు పోయినది. కట్టను తరువాత తిరిగి నిర్మించిరి. చిత్రములు చూచుట నేర్చుకొనదలచినవారు ఆ సంవత్సరపు డిసెంబరు చిత్రమును, మరుసటి జనవరి చిత్రమును ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. పాఠశాల ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపుటకు కూడ ఇంతకంటె మంచి ఉదాహరణ ఈ చుట్టుప్రక్కల లేదు.

బీడు ఎవరికి బీడు?

కేంద్ర భూవనరుల శాఖ, దూర సంవేదన సంస్థ కలిసి 2000 నుండి బంజరు భూముల పటములను ప్రచురించుచున్నవి. వాటిలో పొదలున్న బీడు, పొదలు లేని బీడు అను తరగతులు కలవు. గ్రామాధికారులు ఈ మాటను జాగ్రత్తగా గ్రహింపవలెను. పటములో బీడుగా ఉన్నది గొల్ల కుర్మల దృష్టిలో మేపు భూమి. వానకాలములో పంటలు నిలిచియున్నంత కాలము గొర్రెలకు గుట్ట, బంచరాయి తప్ప వేరు చోటు లేదు. దానినంతటిని ఒకేసారి కంచె వేసి మూసినచో మందలు పక్క ఊరి గుట్టపై పడును. కొన్నాళ్లకు మన చిత్రము ఎర్రబడును, వారి చిత్రము తెల్లబడును. మనము సరిజోడుగా పెట్టుకొన్న గుట్ట అదియే అయినచో లెక్క మనకు మరింత అనుకూలముగా కనబడును! ఇది లాభము కాదు, కష్టమును పొరుగువారిపై నెట్టుట.

ఇంకొక మాట. కొన్ని నేలలు స్వభావముననే గడ్డినేలలు. అట్టి చోట నీలగిరి మొక్కలు బారులు తీర్చిన సూచిక పెరుగును, గడ్డి చచ్చును. భారత అటవీ సర్వేవారి లెక్కలో హెక్టారునకు మించిన చోట నూటికి 10 పాళ్లకు పైగా చెట్ల నీడ ఉన్నచో, అది ఏ చెట్టైనను, ఎవరి భూమియైనను అడవి కప్పుగానే చేరును. అది దేశమంతటికి ఒకే కొలబద్ద కావలెనని పెట్టుకొన్న లెక్క. మన ఊరికి కావలసినది ఏ గడ్డి, ఏ చెట్టు అన్నది గొర్రెల కాపరి, కట్టెలు తెచ్చు స్త్రీ, తునికాకు ఏరువారు చెప్పవలెను. గుట్టను మూడు భాగములు చేసి, ఒక భాగమును మూడు నాలుగేండ్లు మూసి తక్కినవి తెరచి, తరువాత మార్చుట మంచి పద్ధతి. ఏ భాగము ఎప్పుడు మూసితిరో తేదీతో వ్రాసి ఉంచినచో చిత్రములో ఆ గీత తరువాత తప్పక కనబడును.

ఈ సాలు చేయదగినది

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు ముందుగా తమ గ్రామపు గుట్ట, బంచరాయి, వాగు, చెరువు శిఖము సర్వే నంబర్లను పటముపై గుర్తించుకొనవలెను. పాత నివేదికలు, పాత పటములు 2016కు పూర్వపు జిల్లా, మండలముల పేర్లతో ఉండును గనుక రెండు పేర్లను వ్రాసికొనుట మంచిది. తరువాత కనీసము పది స్థలములను ఎన్నుకొనవలెను: రాయి తేలిన చోట మూడు, మొద్దు చిగుళ్లున్న చోట మూడు, గడ్డి ఉన్న చోట రెండు, సరిజోడు గుట్టపై రెండు. ప్రతి స్థలమున సున్నము పూసిన రాయి పాతి, అచ్చట నిలిచి సెల్‌ఫోనుతో అక్షాంశ రేఖాంశములు గుర్తించి, ఉత్తరము మొదలు నాలుగు దిక్కులకు నాలుగు ఫోటోలు తీయవలెను. స్థలము ఒక గుంట కంటె పెద్దదిగా, అంతయు ఒకే తీరుగా ఉన్నచో చిత్రములోని గడితో పోల్చుటకు వీలుగా ఉండును. సగము రాయి, సగము చింతచెట్టు నీడ ఉన్న చోటును విడిచిపెట్టవలెను.

సెంటినెల్ ఉపగ్రహములు రెండు కలిసి 5 దినములకొకసారి మన ఊరిపై తిరుగును గనుక, మీరు నడచిన దినమునకు అటునిటు వారములో మబ్బులేని చిత్రము అక్టోబరు తరువాత సాధారణముగా దొరకును. మొదటి నడక స్వాతి కార్తెలో పెట్టుకొనుడు. ఊరి పెద్దలను, కాపరులను వెంటబెట్టుకొని పొండు; పటములో లేని పాత కుంటలు, పూడిన కాలువలు వారికి తెలియును. రెండవ నడక జనవరిలో, మూడవది ఏప్రిల్ చివర, ఎండ ముదరక ముందు ఉదయము పూట. అదే రాయి వద్ద నిలిచి అవే నాలుగు దిక్కుల ఫోటోలు తీయవలెను. మండల వర్షపాతపు లెక్కను నెలవారీగా ప్రక్కన వ్రాయవలెను. కందకములు, రాతికట్టల పనిని ఆ మూడు చిత్రములు చూచిన పిదప వేసవిలో ఆరంభించి మృగశిర లోపల ముగించుటకు వ్యవధి సరిపోవును.

పటముల సహాయము కావలసిన గ్రామములవారు తమ మండల వ్యవసాయాధికారికి సర్వే నంబర్ల పట్టికతో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దరఖాస్తులో సరిజోడు గుట్ట సర్వే నంబరు కూడ వ్రాయుట మరువవలదు. అది లేనిచో చిత్రము వచ్చినను పోల్చుటకు ఏమియు ఉండదు.